చలికాలంలోనూ చేతికందాలి

కొల్లేటి లంకల్లో పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో పెద్దవాళ్ల నోట ముందుగా వచ్చే మాట 'పళ్లొస్తున్నాయిలే, అవే తగ్గుతాయి'. నెలలు నిండకుండానో, బరువు తక్కువగానో పుట్టిన బిడ్డకు ఆ మాటే ప్రాణం మీదకు తెస్తుంది. రోటావైరస్ సోకితే వాంతులు, విరేచనాలు ఒంట్లోని నీటిని, లవణాలను తోడేస్తాయి. తల మీద మెత్తటి మాడు గుంట పడుతుంది. ఏడ్చినా కన్నీరు రాదు. పూటంతా గడిచినా గుడ్డ తడవదు. అక్కడా ఆగకపోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఫిట్స్ రావచ్చు, బిడ్డ షాక్‌లోకి వెళ్లవచ్చు.

దీన్ని అడ్డుకునే సాధనాలు మన చేతిలోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో తయారైన రోటావ్యాక్ చుక్కలను 2016లో దేశంలో మొదట అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాలకు ఉచితంగా వేస్తారు. 'బిడ్డ కాస్త బరువు పెరిగాక చూద్దాం' అని వాయిదా వేయకూడదు. నెలలు తక్కువైనా, ఆరోగ్యం నిలకడగా ఉంటే పుట్టిన తేదీ నుంచే వారాలు లెక్కించాలి.

చుక్కలు వేసినా జబ్బు పూర్తిగా రాకుండా పోదు. అందుకే ఓఆర్ఎస్, జింకు ఇంట్లో సిద్ధంగా ఉండాలి. ఏటా వానాకాలంలో ప్రత్యేక కార్యక్రమం పెట్టి ప్యాకెట్లు పంచుతున్నారు. మంచిదే. కానీ మన దేశంలో రోటావైరస్ ఉద్ధృతి ఎక్కువగా చలికాలంలోనే. పంపిణీకీ జబ్బుకూ కాలం కుదరడం లేదు.

అందుకే ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల యంత్రాంగాన్ని గట్టిగా అడుగుతున్నాం. ఏలూరు, తాడేపల్లిగూడెం ఆసుపత్రుల నుంచి తక్కువ బరువు బిడ్డతో ఇంటికెళ్లే ప్రతి తల్లి సంచిలో, ఏ నెలైనా సరే, ఓఆర్ఎస్, జింకు ఉండాలి. కలిపే పద్ధతిని చేసి చూపించాలి. లీటరు ప్యాకెట్‌లో సగాన్ని గ్లాసు నీళ్లలో పోసి పడితే ఉప్పు మోతాదు మించి అదే ముప్పవుతుంది. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ప్యాకెట్ మొత్తం కలపాలి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. టిన్ను నీళ్లు కొనుక్కుని తాగే లంకలకు కుళాయిల్లో శుద్ధమైన నీరివ్వడం సర్కారు తీర్చాల్సిన బాకీ.

బిడ్డ మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా, మలంలో రక్తం కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. బలహీనమైన బిడ్డకు గడువు గంటల్లోనే ఉంటుంది. మందు ఆ గడువుకన్నా ముందే గడప దాటి ఇంట్లోకి చేరాలి.