స్టెరాయిడ్‌ను తిట్టేముందు

సంపాదకులకు,

గత సంచికలో పెంఫిగస్ అనే బొబ్బల జబ్బు మీద వచ్చిన వ్యాసం చదివాను. అది అంటురోగం కాదని గట్టిగా చెప్పినందుకు సంతోషం. స్టెరాయిడ్లను విషమన్నట్టు రాసిన పేరాతోనే నా పేచీ. 1950లలో ఆ మందులు వాడుకలోకి రాకముందు, ఈ జబ్బు వచ్చి బతికి బట్టకట్టినవాళ్లు తక్కువ.

మా అమ్మకు మొదట నోట్లో పుళ్లు లేచాయి. ముద్ద మింగలేకపోయేది. ఒంటిమీదికి పాకాక అక్కి అనుకుని కుమ్మరి చేత రాయించాం (నవ్వుకోండి, ఫర్వాలేదు). చర్మం ముక్క తీసి పరీక్షించేసరికి మూడు నెలలు గడిచాయి. స్టెరాయిడ్‌తో కొత్త బొబ్బలు ఆగాయి. సుగర్ పెరిగిన మాటా నిజమే. ఎవరో భయపెడితే మాత్రలు చటుక్కున మానేసింది, జబ్బు మళ్లీ మొదటికొచ్చింది.

దిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పస్రీచా 1980లలో మొదలుపెట్టిన పల్స్ చికిత్స ఊసే వ్యాసంలో లేదు. నెలకోసారి మూడు రోజులు 100 మి.గ్రా. డెక్సామెథసోన్, అందులో ఒకరోజు సైక్లోఫాస్ఫమైడ్ కూడా గ్లూకోజ్ సీసాలో ఎక్కిస్తారు. 2018లో అమెరికా ఈ జబ్బుకు అనుమతించిన రిటుక్సిమాబ్ అనే మందు స్టెరాయిడ్ మోతాదును బాగా తగ్గించనిస్తుంది. ఆ మందు ఇచ్చేముందు హెపటైటిస్-బి, క్షయ పరీక్షలు ఎందుకు చేస్తారో వచ్చే సంచికలో రాయించండి.

— ఒక పాఠకురాలు, కడప