ఫలితమునకు ముందే రుసుము

నయాపూల్ వంతెనకు ఒక ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి భవనము, రెండవ ఒడ్డున హైకోర్టు భవనము, దానికి చేరువనే సిటీ కాలేజి. వేసవి చివరి దినములలో ఈ వంతెన దాటి పోవు విద్యార్థులలో డిగ్రీ చివరి పరీక్షలు వ్రాసి ఫలితములకై ఎదురుచూచువారు పెక్కుమంది. ఫలితమింకను రాలేదు. అయినను ఎం.ఏ., ఎం.బి.ఏ. వంటి పై చదువులకు సీటు కావలెనన్నచో రుసుము ఇప్పుడే చెల్లింపవలెనని కొన్ని ప్రైవేటు విద్యాసంస్థలు గడువు పెట్టుచున్నవి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత నవ్వుటకు పుట్టినది. ఈ విద్యార్థుల యిండ్లలో నవ్వుటకు వీలు లేదు.

ఫలితము రాకమునుపే ప్రవేశమునకు యత్నించుట తప్పు కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము నిర్వహించు ఉమ్మడి పి.జి. ప్రవేశ పరీక్షను ఫలితములకై వేచియున్నవారును వ్రాయవచ్చును. అందువలన విద్యార్థికి ఒక సంవత్సరము వ్యర్థము కాకుండును. సంస్థల వాదనలోను కొంత న్యాయమున్నది: ఒక్కొక్కరు నాలుగైదు చోట్ల దరఖాస్తు పెట్టి తుదకు ఒక్కచోటనే చేరుదురు, తక్కిన సీట్లు ఖాళీపడును.

అయితే ఆ నష్టభయమును మోయవలసినది ఎవరు? పత్తర్‌గట్టి దుకాణములో గుమాస్తాగా నున్న తండ్రి వడ్డీకి తెచ్చి రుసుము కట్టెననుకొందము. కుమారుడు ఒక్క పేపరులో తప్పినచో సీటు పోవును, రుసుమునకు ముప్పు వచ్చును, వడ్డీ మాత్రము నిలుచును.

ఇందుకు నియమములు లేకపోలేదు. 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., రుసుము వాపసునకు మెట్లు ఏర్పరచినది. ప్రవేశపు కడపటి తేదీకి 15 దినములు గాని అంతకు మించి గాని ముందు మానుకొన్నచో నూటికి నూరు వంతులు, అందులో 5 వంతులకు, 5,000 రూపాయలకు మించని ఖర్చు మినహాయింపుతో. ఆ పిదప కడపటి తేదీ లోపల 90. తేదీ దాటిన 15 దినములలో 80. 30 దినములలో 50. ఆపైన ఏమియు లేదు. అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకొనరాదనియు చెప్పినది. 2024–25 సంవత్సరమునకు 2024 సెప్టెంబరు 30 వరకు పూర్తి రుసుమును, అక్టోబరు 31 వరకు 1,000 రూపాయలకు మించకుండ తగ్గించి మిగిలినదియు ఇచ్చివేయవలెనని ఆదేశించినది.

ఇవి మేలైన నియమములే. కాని వీనిలో గడియారము ప్రవేశపు తేదీని బట్టి నడచును గాని ఫలితపు తేదీని బట్టి కాదు. పరీక్ష జరిపిన విశ్వవిద్యాలయము ఆలస్యము చేసినచో, ఆ ఆలస్యమునకు మూల్యము విద్యార్థియే చెల్లించును. తనంతట మానుకొన్నవానికిని, ఫలితము చేత ఆగిపోయినవానికిని ఒకటే మెట్టు.

హైదరాబాదు నుండి బ్రిటనునకు పోవు విద్యార్థులును ముందుగా డిపాజిట్టు కట్టుదురు. అయితే అచ్చటి అనేక విశ్వవిద్యాలయములు షరతుతో సీటు ఇచ్చినప్పుడు, ఆ షరతునకు తగిన మార్కులు రాలేదని ఋజువు చూపినచో డిపాజిట్టు తిరిగి యిచ్చును. ఆ న్యాయము మనకును తగినదే.

ఫలితమునకు ముందు పుచ్చుకొను ప్రతి రుసుము రసీదుపైనను, విద్యార్థి ఉత్తీర్ణుడు కానిచో మొత్తము తిరిగి యిచ్చెదమన్న మాట వ్రాయబడవలెను. వాపసు గడువు ఫలితము వెలువడిన దినము నుండి లెక్కింపబడవలెను. అంతవరకు, డబ్బు చేతికిచ్చుటకు ముందు ఆ మాటను వ్రాతలో అడుగుట ప్రతి తండ్రికిని హక్కు.