వెబ్ పుటలు రచింపగోరు విద్యార్థికి వలయు పనిముట్లు

వెబ్ పుటలను రచింపగోరు విద్యార్థికి మొదట వెలగల సాఫ్టువేరు కావలయునని పలువురు తలంచుచున్నారు. ఇది సరి కాదు. వానలు తక్కువగు మన కడప, కర్నూలు సీమలలో తలిదండ్రులు దీనికై అప్పు చేయ నక్కరలేదు. 1989లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ సంస్థలో వెబ్‌ను ప్రతిపాదించెను; 1993లో ఆ సంస్థ దానిని లోకమున కుచితముగా నొసగెను. నేటికిని హెచ్.టి.ఎం.ఎల్. వ్రాయుటకు నోట్‌ప్యాడు, చూచుటకు బ్రౌజరు చాలును. చిత్రములకు జింప్, ఇంక్‌స్కేపు వెల లేకయే లభించును.

అయితే తెలుగు విద్యార్థికి యూనికోడు అక్షరములు ముఖ్యములు. 1991 నుండియు యూనికోడులో తెలుగునకు స్థానము కలదు. తెలుగు వ్రాతను బొమ్మగా నతికించినచో పుట సొంపుగా నుండునేమో గాని, వెదకువారికి దొరకుట కష్టము. కన్నులు లేనివారికి కంప్యూటరు చదివి వినిపించుటయు దుర్లభము. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర వ్రాతప్రతులను సేకరించి, 1829లో వేమన పద్యముల నచ్చొత్తించెను. అవి పదుగురికి అందుటకే గదా యా శ్రమ!

కావున విద్యార్థులారా, అలంకారములు పిదప నేర్వుడు. మీ యూరి చెరువును గూర్చియో, పంటను గూర్చియో శుద్ధమైన తెలుగు అక్షరములతో నొక్క పుట ముందు వ్రాయుడు. ఎల్లరకు నందని పుట యెంత సొగసైనను నిష్ప్రయోజనమే.