కొనేముందు చప్పుడు ఎక్కడిదో చూడండి



ఈ నెల మన కుటుంబ శీర్షికలో ఒక చిన్న యంత్రపు డబ్బాను గురించి వ్రాస్తున్నాను. మనకెందుకు ఈ విషయం అనుకోకండి. కంప్యూటరులో పాటలు వినే పిల్లలు ఈనాడు ప్రతి ఊరిలోను ఉన్నారు. ఆ డబ్బాకు పెట్టే డబ్బు మాత్రం తల్లిదండ్రుల కష్టార్జితం.

కిందటి వేసవిలో ఒక రైతు కుటుంబాన్ని దర్శించడానికి వెళ్లాను. టీ ఇచ్చిన తరువాత ఆ ఇంటి పెద్ద మెల్లగా విషయం ఎత్తాడు. "అయ్యగారూ, మావాడు పద్దెనిమిది వేలు పెట్టి ఏదో పరికరం కొంటానంటున్నాడు. అది లేకపోతే మా అమ్మ గొంతు సరిగా వినపడదట. ఆ డబ్బు చిన్నమ్మాయి హాస్టలు ఫీజుకు దాచింది. మీరొకసారి వాడితో మాట్లాడండి."

అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు, బుద్ధిమంతుడు. వాళ్ల నాయనమ్మ చనిపోయి కొన్నేళ్లయింది. ఆమె పాడిన పాటలు ఒకే ఒక్క పాత క్యాసెట్టులో మిగిలాయి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, ఆంప్లిఫయరుకు కలిపి పెడితే పాటకంటే చప్పుడే ఎక్కువగా వస్తోంది. "కంప్యూటరు లోపలి డీఏసీ నాసిరకం అయ్యగారూ. బయటిది పెడితే అంతా స్పష్టంగా వస్తుంది" అన్నాడు.

డీఏసీ అంటే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. కంప్యూటరులో పాట అంకెల రూపంలో ఉంటుంది. స్పీకరుకు అంకెలు తెలియవు. దానికి కావలసింది ఎక్కుతూ దిగుతూ ఉండే విద్యుత్తు. ఆ అంకెలను అటువంటి విద్యుత్తుగా మార్చేదే డీఏసీ. మన ఆడబిడ్డలు వాకిట్లో చుక్కలు పెట్టి, వాటి మీదుగా వంపుగీత లాగి ముగ్గు వేస్తారు గదా! అంకెలు చుక్కలైతే, డీఏసీ లాగేది ఆ గీత.

1982లో బజారులోకి వచ్చిన సీడీలో సెకనుకు 44,100 చుక్కలు ఉంటాయి. ఒక్కొక్క చుక్క 16 బిట్లు, అనగా 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు మీద ఉంటుంది. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకే వినగలదు. ఆ హద్దు లోపలి ధ్వనికి ఇన్ని చుక్కలు చాలును. వాటి మీదుగా వెళ్లే వంపు ఒక్కటే ఉంటుంది, మధ్యలో ఏదీ జారిపోదు. గనుక ఈ పని కష్టమైనదేమీ కాదు. ఫోనులో, టీవీలో, లాప్‌టాప్‌లో ఇప్పటికే ఒక్కొక్క డీఏసీ ఉంది.

మరి ఆ చప్పుడు ఎక్కడిది? మందిరంలో మైకుసెట్టుతో పదిహేనేళ్లుగా కుస్తీ పడుతున్నవాణ్ణి గనుక, "బాబూ, కొనేముందు దొంగను పట్టుకుందాం" అన్నాను.

ముందుగా లాప్‌టాప్ చార్జరు పిన్ను లాగేయమన్నాను. "గుం" అనే బరువైన చప్పుడు టక్కున ఆగిపోయింది. చార్జరుకు, ఆంప్లిఫయరుకు రెంటికీ ఎర్త్ ఉంది. రెండింటినీ వేర్వేరు గోడల ప్లగ్గులకు పెట్టారు. ఆ రెండు ఎర్తులు, మధ్యనున్న పాట తీగ కలిసి ఒక చుట్టు ఏర్పడి, మన కరెంటు యొక్క 50 కంపనాల రొద పాటలోకి దిగుతోంది. 18,000 పెట్టి డీఏసీ కొన్నా ఇది పోయేది కాదు. ఎందుకంటే యూఎస్‌బీ తీగ గుండా కూడా ఆ చుట్టు పూర్తవుతుంది. రెంటినీ ఒకే బోర్డుకు పెడితే చాలావరకు తగ్గింది. అప్పటికీ తగ్గని ఇళ్లలో, పాట తీగకు మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న ముక్క దొరుకుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. "ఎర్త్ పిన్ను విరిచేస్తే రొద పోతుందట, మా స్నేహితుడు చెప్పాడు" అన్నాడు అబ్బాయి. నిజమే, రొద పోతుంది. అయితే యంత్రంలో తీగ ఊడి ఇనుప పెట్టెకు తగిలిన నాడు, దాన్ని ముట్టుకున్న మనిషి కూడా పోతాడు. మూడవ పిన్ను ఉన్నది మన ప్రాణం నిమిత్తమే. పాట కోసం దాన్ని ఎవ్వరూ తీయకూడదు, పిల్లల్ని తీయనివ్వకూడదు.

ఆ తరువాత ఇయర్‌ఫోన్లు నేరుగా లాప్‌టాప్‌కు పెట్టి విన్నాం. మౌసు కదిపినప్పుడల్లా సన్నగా "చిర్రు"మంటోంది. ఇది మాత్రం లాప్‌టాప్‌దే. లోపలి డీఏసీ మిగతా యంత్రాంగానికి దగ్గరగా ఉన్నందున ఆ సడి దానిలో పడుతోంది. ఇటువంటి చోటనే బయటి డీఏసీ అక్కరకు వస్తుంది. చెల్లెలి ఫోనుకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొనే వేలెడంత యూఎస్‌బీ ముక్క ఉంటే తెప్పించి లాప్‌టాప్‌కు పెట్టాం. "చిర్రు" మాయమైంది. ఆ ముక్కలోనే ఒక డీఏసీ ఉంది. వెయ్యి రూపాయల చుట్టుపక్కల ఇవి దొరుకుతాయి. అయితే అన్నిటిలోను డీఏసీ ఉండదు. కొన్ని ఉత్త తీగ మాత్రమే. అవి కంప్యూటరుకు పనిచేయవు, అడిగి కొనాలి.

రెండు చప్పుళ్లు పోయినా మూడవది మిగిలింది. నాయనమ్మ గొంతు వెనుక వాన కురిసినట్లు "సుయ్" మనే శబ్దం. అబ్బాయి ముఖం చిన్నబుచ్చుకొని "దీనికైనా మంచి డీఏసీ కావాలి గదా అయ్యగారూ?" అన్నాడు. "నాయనా, అది క్యాసెట్టులోనే ఉంది. డీఏసీ ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే సాక్షి. మంచి సాక్షి దాన్ని ఇంకా స్పష్టంగా చెబుతాడు గాని దాచిపెట్టడు" అన్నాను.

అయినా అతని మనస్సు పూర్తిగా కుదుటపడలేదు. స్నేహితుని దగ్గర ఆ 18,000 రూపాయల పరికరమే ఉంటే వారం రోజులకు అరువు తెచ్చాడు. రెండింటి ధ్వని మట్టం జాగ్రత్తగా సమానం చేశాం. ఎందుకంటే కొంచెం గట్టిగా మోగేదే మంచిదని చెవి మోసపోతుంది. చెల్లెలు బల్లమీద దుప్పటి కప్పి మార్చి మార్చి పెట్టింది. 12 సార్లలో ఏది ఖరీదైనదో 7 సార్లు సరిగా చెప్పాడు. బొమ్మా బొరుసా వేసినా దాదాపు అంతే వస్తుంది. అతడే నవ్వి ఒప్పుకున్నాడు.

ఇది అతని చెవి లోపం కాదు. అమెరికాలో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ అనేవారు 2007లో ఒక పరిశోధన ప్రకటించారు. సీడీకంటే సూక్ష్మమైన రికార్డింగులను ఉన్నవి ఉన్నట్టుగా ఒకసారి, సీడీ ప్రమాణానికి తగ్గించి ఒకసారి వినిపించి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాలలో 276 సరైనవి, అనగా నూటికి 49.8. ఆ పరీక్ష డీఏసీల మధ్య పోటీ కాదు. అయినా డబ్బామీద వ్రాసిన పెద్ద అంకెలకు ఎంత విలువ ఇవ్వాలో దానివలన గ్రహించవచ్చు.

మీ ఇంట్లో ఎవరైనా డీఏసీ కొనదలిస్తే ఈ సంగతులు జ్ఞాపకముంచుకోండి.

1. లాప్‌టాప్‌లో ఏ చప్పుడూ లేకపోతే, ధ్వని చాలినంత వస్తూ ఉంటే, కొనవలసిన అవసరమే లేదు.

2. దేనికి కలుపుతారో ముందు తేల్చుకోండి. ఆంప్లిఫయరుకైతే సుమారు 2 వోల్టుల లైన్ అవుట్ ఉన్నది సరిపోతుంది. హెడ్‌ఫోన్లకైతే వాటిమీద వ్రాసిన ఓమ్స్ చూడండి. 16, 32 ఓమ్స్ వాటికి చిన్న ముక్క చాలు. 250, 300 ఓమ్స్ వాటికి బలమైనది కావాలి.

3. వేరే సాఫ్ట్‌వేరు ఎక్కించకుండానే పనిచేసేది తీసుకోండి. పాత విండోస్‌లో కొన్నిటికి ఆ ఇబ్బంది ఉండేది. 2017 నుండి విండోస్ 10లో అది చాలావరకు తీరింది.

4. 24 బిట్లు, 96,000 ఉంటే వినడానికి కావలసినదానికంటే ఎక్కువే. 32 బిట్లు, 7,68,000 అన్న అంకెలకు అదనంగా డబ్బు పెట్టకండి.

5. నచ్చకపోతే తిరిగి తీసుకొనే చోట కొనండి. మిగిలిన డబ్బు ఉంటే స్పీకర్లకు పెట్టండి. తేడా చెవికి తెలిసేది అక్కడే.

ఇక ఆ క్యాసెట్టు సంగతి. మన అబ్బాయి తాపత్రయం తప్పు కాదు గాని, అతడు చూసిన చోటు తప్పు. వినేటప్పటి యంత్రం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అరిగిపోతున్న టేపు మాత్రం మళ్లీ రాదు. జాగ్రత్త అవసరమైనది దాన్ని కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు. అక్కడ పని తిరగబడుతుంది, ధ్వని అంకెలుగా మారాలి. అతడు మొదట ఎక్కించినప్పుడు టేపురికార్డరు హెడ్ మీద ఏళ్లనాటి మడ్డి పేరుకొని ఉంది. దూదితో, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో దాన్ని తుడిచాం. ధ్వని హద్దు దాటి పగలకుండా మట్టం కొంచెం తగ్గించి, మళ్లీ ఎక్కించాం. ఎక్కించినదాన్ని దిద్దకుండా ఉన్నది ఉన్నట్టు ఒకటి భద్రపరచి, రెండవ నకలు చిన్నమ్మాయి దగ్గర ఉంచమన్నాను. "సుయ్" తగ్గించే ప్రయత్నాలు ఏమైనా ఉంటే వేరే నకలు మీద చేసుకోవచ్చు.

ఆ సాయంత్రం అందరం కూర్చొని విన్నాం. వాన చప్పుడు ఇంకా ఉంది. మొదటిసారి వినపడనిది ఒకటి ఈసారి వినిపించింది. పాట మొదలు పెట్టకముందు ఆమె చిన్నగా దగ్గి, "పెట్టావా నాయనా?" అని ఎవరినో అడిగింది. ఇంటి పెద్ద చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ రోజు బటను నొక్కింది నేనే అయ్యగారూ" అన్నాడు.

చిన్నమ్మాయి ఫీజు ఆ వారమే కట్టారు. మీ ఇండ్లలో కూడా ఇటువంటి క్యాసెట్లు పెట్టెల అడుగున ఉండవచ్చు. ఏ పరికరమూ కొనకముందే వాటిని వెదికి తీయండి.

వచ్చే నెల మరల కలుసుకుందాం.