నూనె డబ్బా పక్కన పెట్టండి

టీషర్టుల మీద బొమ్మలు వేసే ఆటోమేటిక్ స్క్రీన్ ప్రింటింగ్ ప్రెస్‌లో ఇంకు నెట్టే స్క్వీజీ కాస్త తడబడితే చాలు, ఎవరో ఒకరు నూనె డబ్బా పట్టుకొస్తారు. దాన్ని నడిపే ఎయిర్ సిలిండర్ రాడ్ మీద నాలుగు చుక్కలు వేస్తారు, లేదంటే తుప్పు వదిలించే స్ప్రే కొడతారు. ఓ గంట సాఫీగా నడుస్తుంది. తిరుపూర్ లాంటి బనియన్ల ఊరిలో లక్షలు పోసి కొన్న యంత్రానికైనా జరిగే సేవ చాలాచోట్ల ఇంతే. సిలిండర్ పాడవడం మొదలయ్యేది కూడా సరిగ్గా అప్పుడే.

ఇప్పుడొస్తున్న ఎయిర్ సిలిండర్లలో చాలావాటికి ఫ్యాక్టరీలోనే గ్రీజు పూసి పంపుతారు. పైనుంచి నూనె అక్కర్లేదు. జపాన్ కంపెనీ ఎస్ఎంసీ క్యాటలాగులు ఈ సంగతి చెబుతూనే ఒక షరతు కూడా పెడతాయి: ఒకసారి నూనె ఇవ్వడం మొదలుపెడితే ఇక ఆపకూడదు. కారణం తేలికే. కొత్తగా వెళ్లిన నూనె లోపలి గ్రీజును కడిగేస్తుంది. ఆ తర్వాత, గాలిలో నూనె కలిపే ల్యూబ్రికేటర్ గిన్నె ఎండిన రోజు నుంచి రబ్బరు సీలు లోహాన్ని పొడిగానే రాసుకుంటుంది. ల్యూబ్రికేటర్‌తో నడవాల్సిన పాత యంత్రాల సంగతి వేరు. వాటికి ఐఎస్ఓ వీజీ 32 టర్బైన్ ఆయిల్ పోయాలి. బండి ఇంజిన్ ఆయిల్‌లో కలిపే రసాయనాలు సీళ్లను ఉబ్బించవచ్చు. పైగా సిలిండర్‌లోకి వెళ్లిన నూనె అక్కడే ఉండిపోదు. ఎగ్జాస్ట్ గాలితో తుంపరగా బయటికొచ్చి బట్ట మీద పడుతుంది. తెల్ల టీషర్టు మీద మరక పడితే ఆ పీసు రిజెక్టే.

అసలు శత్రువు నీళ్లు. నిమిషానికి 1,000 లీటర్ల గాలి పీల్చే కంప్రెసర్‌నే తీసుకోండి. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న వానాకాలపు రోజున అది గంటకు దాదాపు లీటరున్నర నీటిని ఆవిరిగా మింగుతుంది. ఆ గాలిని 7 బార్లకు నొక్కి 40 డిగ్రీలకు చల్లార్చితే అందులో సుమారు లీటరు నీరై దిగుతుంది. అంటే ఎనిమిది గంటల షిఫ్టుకు ఎనిమిది లీటర్లు! ట్యాంకు కింది డ్రెయిన్ వాల్వు రోజూ తిప్పకపోతే ఈ నీళ్లు పోయేది పైపుల్లోకి, వాల్వుల్లోకి, చివరికి సిలిండర్లోకి. రిఫ్రిజిరేటెడ్ డ్రయ్యర్ పెడితే గాలి 3 డిగ్రీల దాకా చల్లబడి తేమ అక్కడే దిగిపోతుంది. ప్రెస్ కొనేవాళ్లు రంగులెన్ని, హెడ్లెన్ని అని పదిసార్లు అడుగుతారు. డ్రయ్యర్ ఊసెత్తేవాళ్లు తక్కువ.

రాడ్ మీద పేరుకునే బట్ట నూగు, బట్టను పలకకు అంటించే పాలెట్ జిగురు, ఎండిన ఇంకు కూడా తక్కువ చేటు చేయవు. రాడ్ లోపలికి వెళ్లిన ప్రతిసారీ అవి వైపర్ సీలును గీరుతుంటాయి. పొడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

అయితే స్క్రీన్ ప్రింటింగ్ షాపులో చేతికి ముందు అందేది థిన్నర్. దానితో ఫిల్టర్ గిన్నె కడిగే అలవాటు నిజంగా ప్రమాదకరం. చాలా గిన్నెలు పాలీకార్బొనేట్‌వి. థిన్నర్ తగిలితే కంటికి కనిపించని బీటలు పడతాయి. ఆరు బార్ల గాలి కింద అలాంటి గిన్నె పగిలితే ముక్కలు ఎదురుగా ఉన్న మనిషి ముఖం మీదికే వస్తాయి. దాన్ని సబ్బు నీళ్లతోనే కడగాలి.

సిలిండర్ నీరసించిందని రెగ్యులేటర్ తిప్పి ప్రెషర్ పెంచడం మరో నాటు వైద్యం. లోపం ఎక్కడుందో తెలుసుకోవడం అంత కష్టమేమీ కాదు. ఒక వైపు గాలి ఇచ్చి, రెండో వైపు పైపు ఊడదీసి చూడాలి. పిస్టన్ చివరిదాకా వెళ్లాక కూడా అక్కడ గాలి ఆగకుండా వస్తుంటే పిస్టన్ సీలు పోయినట్టే. సీల్ కిట్ మార్చి, కంపెనీ చెప్పిన గ్రీజు పలచగా పూస్తే పని అయిపోతుంది. ప్రెషర్ పెంచితే మాత్రం లీకు ఇంకా పెరుగుతుంది. 7 బార్ల లైనులో 3 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే, అందులోంచి పోయే గాలిని నింపడానికే కంప్రెసర్ సుమారు 3 కిలోవాట్లు తింటుంది. యంత్రాలన్నీ ఆపిన మధ్యాహ్న భోజన వేళ షెడ్డులో నిలబడితే ఆ లీకుల బుసలు యజమానికే వినిపిస్తాయి.

ఐటీఐ ఫిట్టర్ కోర్సులో న్యూమాటిక్స్ పాఠం ఉంది. ఫిల్టర్, రెగ్యులేటర్, ల్యూబ్రికేటర్ మూడూ అక్కడ నేర్పుతారు. కానీ చదివొచ్చిన కుర్రాడికి ప్రెస్ దగ్గర దొరికేది ఎక్కువగా బట్ట ఎక్కించి దించే పనే. పీసు లెక్కన కూలి ఇచ్చే చోట డ్రెయిన్ తిప్పడానికి ఆగినవాడు తన డబ్బు పోగొట్టుకుంటాడు, కాబట్టి ఆగడు. షిఫ్టు మొదట్లో పావుగంట ఈ పనికే కేటాయించి, దానికీ కూలి కట్టివ్వాలి. 50 మిల్లీమీటర్ల బోరు సిలిండర్ 6 బార్ల దగ్గర దాదాపు 120 కిలోల బలంతో తోస్తుంది. కాబట్టి మెయిన్ వాల్వు మూసి, లైన్లో మిగిలిన గాలి వదిలేశాకే చేయి పెట్టేంత వ్యవధి కూడా ఆ పావుగంటలో ఉండాలి.