చూడదగినవి – కాపాడదగినవి

ఉద్దేశం: విశాఖపట్టణ పరిసరాలలోని ప్రకృతి వింతలను, చారిత్రక స్థలాలను పరిచయం చేయడం, వాటి రక్షణలో పౌరుల బాధ్యతను గుర్తుచేయడం.

విశాఖపట్టణం పేరు వినగానే ఎవరి మనసులోనైనా మొదట మెదిలేది సముద్రం. సాయంకాలం సాగరతీరంలో విహరించి, కైలాసగిరి ఎక్కి, తీరాన ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామిని చూసి వస్తే విశాఖను చూసినట్లేనని చాలామంది భావిస్తారు. ఆ ఆనందాన్ని ఎవరూ కాదనలేరు. అయితే ఈ నగరపు అసలు సంపద దాని చుట్టూ ఉన్న కొండలలో, గుహలలో, ఇసుక దిబ్బలలో దాగి ఉంది. ఆ సంపదలో కొంత భాగం శతాబ్దాలుగా చెక్కుచెదరకుండా నిలిచింది. మరికొంత మన కళ్ళముందే కరిగిపోతున్నది. ఈ భేదానికి కారణమేమిటని ఆలోచిస్తే నాకు తోచే సమాధానం ఒక్కటే. ప్రజలు తమదని తలచినది నిలుస్తుంది. ఎవరిదీ కాదని తలచినది నశిస్తుంది.

ఇందుకు మొదటి నిదర్శనం సింహాచలం. వరాహ లక్ష్మీనృసింహస్వామి వెలసిన ఈ క్షేత్రంలో 11వ శతాబ్ది చివరినాటి కులోత్తుంగ చోళుని కాలపు శాసనం ఉంది. నేడు మనకు కనిపించే ఆలయ శిల్పవైభవంలో అధికభాగం 13వ శతాబ్దిలో తూర్పు గాంగ రాజుల కాలంలో రూపుదిద్దుకొన్నది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రా సందర్భంలో ఇక్కడికి వచ్చి స్వామిని సేవించాడు. రాజ్యాలు మారాయి, రాజవంశాలు అంతరించాయి. అయినా గోడల మీది శాసనాలు మిగిలాయి. ఏటా అక్షయ తృతీయ నాడు చందనోత్సవానికి వేలాదిగా తరలివచ్చే భక్తులే ఈ ఆలయానికి నిజమైన కావలివారు. స్వామి తమవాడని వారు నమ్మారు. కనుక గుడిని కాపాడుకొన్నారు.

అనకాపల్లి సమీపంలోని శంకరం గ్రామం వద్ద ఉన్న బొజ్జన్నకొండకు ఆ భాగ్యం కలగలేదు. బొజ్జన్నకొండ, లింగాలకొండ అనే ఈ జంట కొండల మీద ఒకనాడు బౌద్ధ భిక్షువులు నివసించారు. కొండరాతిని తొలిచి గుహాలయాలను, బుద్ధ విగ్రహాలను, వరుసలు వరుసలుగా స్తూపాలను మలిచారు. 20వ శతాబ్ది తొలి దశాబ్దంలో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాలతో ఈ స్థలం చరిత్ర వెలుగులోకి వచ్చింది. కాని పండితులకు తెలిసిన చరిత్ర పల్లెకు చేరలేదు. కనుమ పండుగ నాడు ఈ కొండకు వచ్చే జనం అక్కడి రూపాన్ని రాక్షసుడిదిగా తలచి రాళ్ళు రువ్వే ఆచారం ఇటీవలి కాలం వరకు ఉండేది. వారసత్వ ప్రేమికులు, అధికారులు నచ్చజెప్పిన మీదట అది ఆగింది. రాళ్ళు విసిరిన ఆ ప్రజలలో ద్వేషం లేదు. తమ ముందున్నది కరుణామూర్తి నెలవని వారికి చెప్పినవారు లేరు. దోషం వారి చేతులది కాదు, మన మౌనానిది.

నగరానికి ఉత్తరంగా భీమునిపట్నం దారి పట్టిన యాత్రికునికి తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ ఒకదాని తరువాత ఒకటి దర్శనమిస్తాయి. ఇవన్నీ సుమారు రెండువేల ఏండ్లనాటి బౌద్ధ విహార స్థలాలు. రాతిలో తొలిచిన నీటి తొట్ల వలన తొట్లకొండకు, బావుల వలన బావికొండకు ఆ పేర్లు వచ్చాయి. వాననీటిని కొండమీదనే ఒడిసిపట్టి ఏడాది పొడుగునా వాడుకొన్న ఆ భిక్షువుల నేర్పును తలచుకొంటే, ప్రతి వేసవిలోనూ నీటికోసం వెదుకులాడే మనకు సిగ్గు కలుగక మానదు. తొట్లకొండ తవ్వకాలలో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమను వెండి నాణేలు లభించాయి. ఈ తీరానికి సముద్రాంతర దేశాలతో ఉన్న సంబంధాలకు ఇంతకంటె సాక్ష్యం ఏమి కావాలి? అటువంటి చోట 2019 అక్టోబరులో కురిసిన భారీవర్షాలకు మహాస్తూపం కూలిపోయింది. పురావస్తువును వెలికితీయడంతో పని ముగియదు, దానిని నిత్యం కనిపెట్టుకొని ఉండాలని ఆ వాన మనకు నేర్పింది.

మనిషి కట్టినదానిని కనీసం తిరిగి కట్టవచ్చు. ప్రకృతి కట్టినదానికి ఆ అవకాశం కూడ లేదు. భీమిలి దారిలోనే ఉన్న ఎర్రమట్టి దిబ్బలు ఇందుకు ఉదాహరణ. వేలాది సంవత్సరాల క్రిందట, హిమయుగం కారణంగా సముద్రమట్టం తగ్గి తీరం వెనుకకు జరిగిన కాలంలో, గాలికి కొట్టుకువచ్చిన ఇసుక ఇక్కడ పేరుకొన్నది. అందులోని ఇనుప ఖనిజాలు గాలితోను, నీటితోను కలిసి మార్పుచెంది ఇసుకరేణువులకు ఎర్రదనాన్ని పూశాయి. వానధారలు ఆ దిబ్బలను కోసి లోతైన గండ్లుగా, నిటారు గోడలుగా తీర్చిదిద్దాయి. ఇటువంటి ఎర్రని దిబ్బలు దక్షిణాసియాలో తమిళనాడు, శ్రీలంక తీరాలలో మాత్రమే ఉన్నాయని చెబుతారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో వీటిని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025లో తిరుమల కొండలతో పాటు ఇవి కూడ యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. అయినప్పటికీ 2024లో ఈ ప్రాంతంలో యంత్రాలతో నేలను చదును చేయడం చూసి ప్రజలు ఆందోళన చెందారు. నిరసనలు వెల్లువెత్తిన తరువాతనే ఆ పనులు నిలిచిపోయాయి. వేల ఏండ్ల కాలం చెక్కిన శిల్పాన్ని చదును చేయడానికి ఒక యంత్రానికి ఒక్క పూట చాలు.

భీమునిపట్నంలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దిలో వర్తకానికి వచ్చిన డచ్చివారి సమాధులు నేటికీ అక్కడ ఉన్నాయి. ఈ నదికి ఎగువన, విశాఖకు సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, అనంతగిరి కొండలలో బొర్రా గుహలు ఉన్నాయి. సున్నపురాతిని నీరు కరిగించి ఆ గుహలను తొలిచింది. పైకప్పు నుండి జారే నీటిబొట్టు విడిచిన సున్నం పేరుకొని, పైనుండి వ్రేలాడే రూపాలను, నేలనుండి లేచే రూపాలను సృష్టించింది. అవి ఒక్క అంగుళం పెరగడానికి మానవుని ఆయుర్దాయం చాలకపోవచ్చు. అటువంటి రూపం మీద మేకుతో తన పేరు చెక్కుకొనే యువకుని చూస్తే జాలి కలుగుతుంది. గుహ అతనిని జ్ఞాపకముంచుకోదు. గాయాన్ని మాత్రమే జ్ఞాపకముంచుకొంటుంది.

పెరుగుతున్న నగరానికి ఇండ్లు కావాలి, రహదారులు కావాలి, యువతకు ఉద్యోగాలు కావాలి, పాత రాళ్ళను, ఇసుకను పట్టుకొని కూర్చుంటే ప్రగతి ఎట్లా సాధ్యమని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. నివాసం లేని పేదవాని ముందు చరిత్ర వైభవాన్ని గురించి ఉపన్యసించడం తగదు. కాని ఇంటికి మరొక చోటు వెదకవచ్చు, దారిని కొంత మళ్ళించవచ్చు. ఎర్రమట్టి దిబ్బలకు మరొక చోటు లేదు. పర్యాటకులు వచ్చేది ఈ వింతలను చూడడానికే కనుక, వీటిని పోగొట్టుకొంటే వీటిపై ఆధారపడిన జీవనోపాధిని కూడ పోగొట్టుకొన్నవాళ్ళమవుతాం.

ప్రభుత్వం హద్దులు నిర్ణయించాలి, కంచె వేయాలి, కావలివారిని నియమించాలి. అవి అవసరమే. అయితే కంచె కంటె బలమైనది పరిచయం. ప్రతి స్థలం వద్ద దాని కథను సులభమైన తెలుగులో చెప్పే ఫలకం ఉండాలి. చుట్టుపక్కల గ్రామాల యువకులకు మార్గదర్శకులుగా శిక్షణ ఇవ్వాలి. తమ ఊరి కొండ కథను పదిమందికి చెప్పినవాడు దానిమీద రాయి విసరడు, ఇతరులను విసరనివ్వడు. ప్రతి కళాశాల తన విద్యార్థులను ఏడాదికి ఒకసారి, తెలిసిన అధ్యాపకుని వెంట, దగ్గరలోని ఒక వారసత్వ స్థలానికి తీసుకొనిపోవాలి.

విద్యార్థులు ఈసారి తొట్లకొండ ఎక్కినప్పుడు సముద్రాన్ని చూసి ఆనందించడంతో పాటు, కాసేపు ఆ రాతి తొట్టె పక్కన కూర్చోవాలి. దానిని తొలిచిన చేతులను తలచుకోవాలి. అది తమదేనన్న భావం కలిగిన క్షణాన ఆ కొండకు కొత్త కావలివారు దొరికినట్లే.

ప్రశ్నలు
1. ‘ప్రజలు తమదని తలచినది నిలుస్తుంది’ అన్న రచయిత అభిప్రాయాన్ని సింహాచలం, బొజ్జన్నకొండల ఆధారంగా వివరించండి.
2. ఎర్రమట్టి దిబ్బలు ఏర్పడిన విధాన్ని, వాటి ప్రాముఖ్యాన్ని తెలపండి.
3. ప్రగతి, వారసత్వ రక్షణల విషయంలో రచయిత వాదాన్ని మీరు సమర్థిస్తారా? కారణాలు రాయండి.
4. మీ ప్రాంతంలో కాపాడదగిన ఒక స్థలాన్ని గురించి పది పంక్తులలో రాయండి.