మంచినీటి స్నానం మందు కాదు

పెంపకపు సాల్మన్ మొప్పలకు అమీబా పట్టే జబ్బు గురించి కంపెనీల వాదన రెండు ముక్కల్లో తేలిపోతుంది: సముద్రం వేడెక్కింది కాబట్టి వచ్చింది, మంచినీటి స్నానంతో అదుపులో ఉంది. ఈ రెండో ముక్క వట్టి బుకాయింపు.

జబ్బు 1980ల నడుమ టాస్మేనియాలో బయటపడింది, అదీ అక్కడ సాల్మన్ సాగు మొదలైన కొత్తలోనే. చాలాకాలం నింద వేరే అమీబా మోసింది. అసలు దోషి నియోపరమీబా పెరూరాన్స్ అని 2007లో గానీ తేలలేదు. సముద్రంలో దానంతటది బతికే ఈ జీవి మొప్పకు అతుక్కుంటే అక్కడి పైపొర కణాలు అదేపనిగా పెరిగి, పక్కపక్క రేకులు అంటుకుపోతాయి. చేపకు ఊపిరి అందదు. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రటి రేకుల మీద తెల్లటి జిగురు మచ్చలు. వాటిని కంటితో చూసి 0 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. చేపలకూ ప్రోగ్రెస్ కార్డులన్నమాట!

ఇక ఆ స్నానం. వలలోని చేపలను ఒక మూలకు తరిమి, పంపుతో తోడి, ఆక్సిజన్ ఎక్కించిన మంచినీళ్లలో రెండు మూడు గంటలు ఉంచుతారు. జిగురు ఊడుతుంది, అమీబాలు చాలావరకు చస్తాయి. అన్నీ చావవు. చచ్చినా, చేప తిరిగి వెళ్లేది అదే సముద్రంలోకి, అదే కిక్కిరిసిన వలలోకి. వేసవిలో కొన్ని వారాలకే మళ్లీ మచ్చలు, మళ్లీ తరమడం, మళ్లీ తోడడం. అదుపులో ఉన్న రోగానికి ఇన్నిసార్లు వైద్యమెందుకో ఆ కంపెనీలే చెప్పాలి. మంచినీళ్లు దొరకని చోట హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు. నీళ్లు వెచ్చగా ఉన్నప్పుడు మోతాదు కాస్త మించిందా, అది ఆ మొప్పలనే కాల్చేస్తుంది.

వేడి మాట అబద్ధమేం కాదు. వేడీ ఉప్పదనమూ పెరిగితే జబ్బు జోరందుకుంటుంది. 2006లో చల్లటి స్కాట్లండ్, నార్వేలలోనూ కనిపించింది. అయితే సముద్రంలో తిరిగే చేపలకూ వేడి ఒకటే, వాటిలో ఈ జబ్బు అరుదు. నార్వే నిబంధనల ప్రకారమే ఒక్కో వలలో 2 లక్షల చేపల దాకా పెంచవచ్చు. అమీబాకు అంతకన్నా ఏం కావాలి?

వలల్లో చేపలను పలచన చేయడం, ఒక పంట తీశాక ఆ చోటు కొంతకాలం ఖాళీగా వదలడం దారులే. అవి లాభానికి కోత గనక పెద్దగా చర్చకు రావు. టాస్మేనియాలో జబ్బును తట్టుకునే చేపలను ఏరి పిల్లలు తీసే పని ఏళ్లుగా నడుస్తోంది. దానితో స్నానానికీ స్నానానికీ మధ్య ఎడం పెరిగింది గానీ స్నానం తప్పలేదు.